ధనుర్వాతము : టీకా వలన రక్తములో కలుగు రక్షణ

పత్తికొండ ప్రాంతపు రైతునకు టీకా క్రొత్త మాట కాదు. తొలకరికి ముందు గొర్రెలకు చిటుకు రోగము రాకుండ టీకా వేయించుట, ఎద్దులకు, ఎనుములకు గొంతువాపు, జబ్బవాపు సోకకుండ సూదులు పొడిపించుట ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ వైపు గ్రామములలో అందరికి తెలిసిన పనియే. మంద అంతటికి టీకా పడినదా లేదా అని కాపరి లెక్క చూచుకొనును. ఎద్దునకు ఏ సంవత్సరము టీకా వేయించినది రైతు వ్రేళ్లపై చెప్పగలడు. కాని “మీకు ధనుర్వాతపు టీకా ఎన్ని పర్యాయములు పడినది? కడపటిది ఎప్పుడు?” అని ఆ రైతునే అడిగినచో సాధారణముగా సమాధానము దొరకదు. మందకున్న లెక్క మనిషికి లేదు.

చిటుకు రోగము, జబ్బవాపు, ధనుర్వాతము ఈ మూడును ఒకే కుటుంబమునకు చెందిన క్రిముల వలన కలుగుచున్నవి. ఈ క్రిములన్నియు నేలలో దాగియుండి, అదను దొరికినప్పుడు విషము చిమ్మును. కావున మందను కాపాడు సూత్రమేదో మందను కాచువానిని కాపాడు సూత్రమును అదియే. టీకా వేసిన తరువాత రక్తములో ఏమి జరుగునో తెలిసినచో, ఎన్ని సూదులు వేయించుకొనవలెను, వాని నడుమ ఎంత వ్యవధి యుండవలెను, గాయమైన నాడు ఏమి చేయవలెను అను ప్రశ్నలకు సమాధానములు వానియంతట అవియే దొరకును. ఆ విషయములను ఈ పాఠములో క్రమముగా తెలిసికొందము.

క్రిమి ఎక్కడ నుండును?

ధనుర్వాతపు క్రిమికి గాలి గిట్టదు. గాలి తగులు చోట అది పెరుగజాలదు, కాని చావదు. గట్టి పెంకుగల బీజముగా మారి మట్టిలో ఏండ్ల తరబడి పడియుండును. ఎండకు ఎండదు. నీటిని మరగించు వేడికి సైతము కొంతసేపు తట్టుకొనును. పశువుల ప్రేగులలోను, వాని పేడలోను ఈ బీజములు ఉండును. ఎరువు తోలిన చేను, గొర్రెల మందను కట్టిన పొలము, పశువుల కొట్టము, గాటిపాడు, దిబ్బ — ఇవన్నియు దీనికి నివాసములే. మంద కట్టుట వలన పొలమునకు బలము చేకూరును. దానిని మానుమని చెప్పుట మా ఉద్దేశము కాదు. ఆ నేలలో వట్టి కాళ్లతో తిరుగువాడు టీకాతో తిరుగవలెనని మాత్రమే చెప్పుచున్నాము.

తుమ్మముల్లు, గుంటక పలుగు, గొర్రు కర్రు, కొడవలి మొన, ప్రత్తికట్టె మోడు — వీనిలో ఏది గ్రుచ్చుకొన్నను బీజములు లోనికి చేరవచ్చును. పైకి పెద్దగా కనబడు గాయముకంటె, లోతుగా దిగి పైన మూసుకొనిపోయిన సన్నని పోటు గాయము ఎక్కువ అపాయకరము. అట్టి గాయములో లోపల గాలి ఉండదు. నలిగి చచ్చిన కండ క్రిమికి మంచి మడి యగును. అచ్చట బీజము మొలకెత్తి క్రిమి పెరిగి విషమును తయారుచేయును.

విషము ఎట్లు పనిచేయును?

ధనుర్వాతములో మనిషిని చంపునది క్రిమి కాదు, దాని విషము. క్రిమి గాయము విడిచి ఎక్కడికిని పోదు. విషము మాత్రము నరముల కొనలను పట్టుకొని, నరముల వెంబడి వెన్నుపామునకు ప్రాకును. మన కండరములను బిగించుటకు కొన్ని ఆజ్ఞలు, సడలించుటకు కొన్ని ఆజ్ఞలు నరముల ద్వారా నడచుచుండును. ఈ విషము సడలించు ఆజ్ఞలను ఆపివేయును. అప్పుడు కండరములు బిగిసినవి బిగిసినట్లే యుండును. మొదట దౌడలు పట్టుకొనిపోవును, నోరు తెరువరాదు. తరువాత మెడ, వీపు బిగిసి శరీరము విల్లువలె వంగును. అందువలననే దీనికి ధనుర్వాతమను పేరు వచ్చినది. ఊపిరి పీల్చు కండరములు బిగిసినచో ప్రాణాపాయము.

గాయమైన 3 మొదలు 21 దినములలో, సాధారణముగా 8 దినముల ప్రాంతమున, లక్షణములు బయటపడును. ఈ దినముల లెక్కను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు దీనితో పని యున్నది.

ఈ విషము ఎంత తీవ్రమైనదనగా, మనిషి బరువులో ఒక్కొక్క కిలోగ్రామునకు ఒక గ్రాములో నూరు కోట్లవ వంతులు రెండున్నర చాలునని శాస్త్రజ్ఞుల అంచనా. అనగా 60 కిలోల మనిషికి ప్రాణాంతకమగు విషము ఒక ఉప్పురవ్వకంటె కొన్ని వందల రెట్లు తక్కువ. ఇందులో ఒక విచిత్రము కలదు. మశూచి, పొంగు వంటి వ్యాధులు ఒకసారి వచ్చి తగ్గినచో మరల రాకుండ శరీరము రక్షణ నేర్చుకొనును. ధనుర్వాతము అట్లు కాదు. మనిషిని చంపుటకు చాలిన విషము శరీరమునకు పాఠము చెప్పుటకు చాలదు. కావున ధనుర్వాతము వచ్చి బ్రతికి బయటపడినవారికి సైతము మరల వచ్చును. వారును తప్పక టీకా వేయించుకొనవలెను. ఈ వ్యాధిని తప్పించుకొనుటకు టీకా తప్ప వేరొక బడి లేదు.

ప్రతిరక్షకములను కనుగొనిన విధము

1889లో జపాను దేశీయుడగు కిటసాటో జర్మనీలో పనిచేయుచు ఈ క్రిమిని విడదీసి పెంచెను. 1890లో ఆయనయు, ఎమిల్ ఫాన్ బేరింగ్ అను శాస్త్రజ్ఞుడును కలసి ఒక గొప్ప విషయమును ప్రకటించిరి. కొద్దికొద్దిగా విషమునకు అలవాటు చేసిన కుందేలు రక్తపు తేటను ఎలుకలకు ఎక్కించి, ఆ తరువాత విషము నెక్కించినను ఆ ఎలుకలు చావలేదు. అనగా కుందేలు రక్తములో విషమును విరుచు పదార్థమేదో పుట్టినదన్నమాట. ఆ పదార్థములే ప్రతిరక్షకములు. యాంటీబాడీలని వైద్యులు పిలుచునది వీనినే. 1901లో వైద్యశాస్త్రమునకు మొట్టమొదటి నోబెల్ బహుమానము బేరింగ్‌కు లభించినది.

ప్రతిరక్షకము ఒక మాంసకృత్తు. దాని కొనలు ఒక నిర్ణీతమైన ఆకారమునకు మాత్రమే అతుకును, ఒక తాళమునకు ఒక చెవి కుదిరినట్లు. ధనుర్వాతపు ప్రతిరక్షకము ఆ విషమునకు అతుక్కొని, నరమును పట్టుకొను దాని కొనను కప్పివేయును. అప్పుడు విషము రక్తములో ఉన్నను నరములోనికి పోజాలదు. కాని ఒక పరిమితి కలదు. విషము ఒకసారి నరములో చేరిన తరువాత ప్రతిరక్షకము దానిని వెనుకకు లాగలేదు. కావున కాపలావాడు దొంగ రాకముందే వాకిట నుండవలెను.

విషమునే టీకాగా మార్చుట

ఇంత తీవ్రమైన విషమును శరీరమునకు పరిచయము చేయుట ఎట్లు? 1920, 1930 సంవత్సరముల నడుమ ఫ్రాన్సు దేశములో గాస్టన్ రామోన్ అను శాస్త్రజ్ఞుడు ఇందుకు ఉపాయము కనుగొనెను. విషమును ఫార్మలిన్‌తో కలిపి వెచ్చగా కొన్నివారము లుంచినచో, దాని కాటు పోవును గాని ఆకారము చెడదు. కోరలు పీకిన పామువంటిది. దీనిని టాక్సాయిడ్ అందురు. శరీరము ఈ టాక్సాయిడ్‌ను చూచి, అసలు విషమునకు సరిపోవు ప్రతిరక్షకములను తయారు చేసికొనును. ఇందులో పటిక జాతి లవణమును కొద్దిగా కలుపుదురు. అది టాక్సాయిడ్‌ను సూది వేసినచోట కొంతకాలము నిలిపి, రక్షక కణములను అచ్చటికి పిలుచును. సూది వేసిన చోట ఒకటి రెండు దినములు నొప్పి, గట్టిదనము కలుగుటకు ఇదియొక కారణము. అది కీడు కాదు. పని జరుగుచున్నదనుటకు గుర్తు.

ఈ టీకా ఫలితము రెండవ ప్రపంచ యుద్ధములో లోకమునకు తెలిసినది. టీకాలు వేయబడిన అమెరికా సైన్యములో గాయములతో ఆసుపత్రులలో చేరినవారు 27 లక్షలకు పైగా నుండగా, ధనుర్వాతము సోకినవారు 12 మంది మాత్రమే.

మన తెలుగు దేశమునకు ఈ టీకాతో దగ్గర సంబంధము కలదు. 1953లో స్థాపింపబడిన హైదరాబాదులోని బయొలాజికల్ ఇ. సంస్థ ధనుర్వాతపు టీకాను తయారుచేయు పెద్ద సంస్థలలో ఒకటి.

మొదటి సూది, రెండవ సూది, మూడవ సూది

టీకా మందు కండలో పడిన తరువాత, కొన్ని కణములు టాక్సాయిడ్‌ను మ్రింగి సమీపమున నున్న లింఫు గ్రంథికి, అనగా చేతికి సూది వేసినచో చంకలోని గ్రంథికి, మోసికొనిపోవును. అచ్చట బి కణములను లక్షల కొలది కణము లుండును. ఒక్కొక్క బి కణము ఒక్కొక్క ఆకారపు ప్రతిరక్షకమును ధరించియుండును. వానిలో టాక్సాయిడ్‌కు కొంతవరకైనను సరిపోవు కణములు బహు కొద్ది. అవి మేలుకొని, టి కణముల సహాయముతో పిల్లలు పెట్టనారంభించును.

మొదట వెలువడు ప్రతిరక్షకములు ‘ఎం’ తరగతివి. ఇవి పెద్దవి, అంతగా కుదురవు, త్వరలో తరిగిపోవును. తరువాత ‘జి’ తరగతివి పుట్టును. ఇవి చిన్నవి, శరీరమంతట తిరుగగలవు, గట్టిగా పట్టును. మొదటి సూదికి ఇవి పుట్టుటకు రెండు మొదలు నాలుగు వారములు పట్టును. పుట్టినను కొలది మాత్రమే.

ఈ సమయములో గ్రంథిలో జరుగు పని రైతు విత్తనము నేరుకొను పనివంటిది. జొన్నచేనిలో బాగుగా గింజకట్టిన కంకులను ఏరి విత్తనమునకు ఉంచి, మరుసటి యేడు వానిలో మేలైన వానిని మరల ఏరుదుము. అట్లే పెరుగుచున్న బి కణముల ప్రతిరక్షకములలో చిన్న చిన్న మార్పులు కలుగుచుండును. టాక్సాయిడ్‌ను ఎక్కువ గట్టిగా పట్టుకొన్న కణము నిలుచును, పట్టుకొనలేనిది నశించును. ఈ ఏరివేత వారముల తరబడి సాగును. కడకు రెండు విధములైన కణములు మిగులును. ప్లాస్మా కణములు ఎముకల మూలుగలో స్థిరపడి ఏండ్ల తరబడి ప్రతిరక్షకములను విడుచుచుండును. జ్ఞాపక కణములు విత్తనపు గాదెవలె నిదానముగా కాచుకొనియుండి, మరల ఆ విషము గాని టాక్సాయిడ్ గాని కనబడగానే ఒక వారము లోపలనే విరివిగా పంట నిచ్చును.

ఇప్పుడు సూదుల నడుమ వ్యవధి యెందుకో బోధపడును. నాటిన మరునాడే కోతకు పోలేము గదా. ఏరివేత ముగియకముందే రెండవ సూది వేసినచో ఫలితము తగ్గును. వ్యవధి కొంత ఎక్కువైనచో నష్టము లేదు, తప్పిన సూదిని తరువాత వేయించుకొనవచ్చును. మొదటినుండి ఆరంభింప నక్కరలేదు. పూర్వము టీకా పడని పెద్దలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన క్రమము, ఒక్కొక్క సూది వలన కలుగు రక్షణ ఇట్లుండును:

1. మొదటి సూది — ఏ దినముననైనను. దీనివలన నమ్మదగిన రక్షణ లేదు.
2. రెండవ సూది — మొదటిదానికి కనీసము 4 వారముల తరువాత. 1 మొదలు 3 సంవత్సరముల రక్షణ.
3. మూడవ సూది — రెండవదానికి కనీసము 6 మాసముల తరువాత. కనీసము 5 సంవత్సరములు.
4. నాల్గవ సూది — మూడవదానికి కనీసము 1 సంవత్సరము తరువాత. 10 సంవత్సరములు.
5. ఐదవ సూది — నాల్గవదానికి కనీసము 1 సంవత్సరము తరువాత. 20 సంవత్సరములకు పైగా.

మొదటి సూదికి రక్షణ లేదనుటను చూచి నిరుత్సాహపడ నక్కరలేదు. అది దుక్కి. దుక్కిలో గింజ కనబడదు. కాని దుక్కి లేనిదే గింజ లేదు.

రక్షణ ఎంతకాలము నిలుచును?

రక్తములోని ప్రతిరక్షకములను యూనిట్లలో కొలుతురు. ఒక మిల్లీలీటరు రక్తపు తేటలో నూరవవంతు యూనిట్ ఉన్నను విషమునుండి కొంత కాపు కలుగునని, పదవవంతు యూనిట్ ఉన్నచో నిశ్చింతగా ఉండవచ్చునని వైద్యులు ఎంచుదురు. ఒక్కొక్క ప్రతిరక్షకము రక్తములో మూడు వారములలో సగము తరిగిపోవును. కాని మూలుగలోని ప్లాస్మా కణములు క్రొత్తవానిని విడుచుచుండుట వలన మొత్తముపై తరుగుదల మెల్లగా నుండును. 2007లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, టీకాలు పూర్తిగా పడినవారి రక్తములో ధనుర్వాతపు ప్రతిరక్షకములు సగమగుటకు సుమారు 11 సంవత్సరములు పట్టునని తేలినది.

ఒక లెక్క వేసి చూతము. 30 ఏండ్ల వయస్సున ఒకని రక్తములో 1 యూనిట్ ఉన్నదనుకొందము. 41వ ఏట అది అర. 52వ ఏట పావు. 63వ ఏట అరపావు, అనగా 0.125. అప్పటికిని పదవవంతుకంటె ఎక్కువే. అదే మనిషి రెండు సూదులతో ఆపి 0.2 యూనిట్ మాత్రమే సంపాదించినచో, మూలుగలో ప్లాస్మా కణములు తక్కువగుట వలన అది కొలది సంవత్సరములలోనే అపాయపు గీత క్రిందికి దిగును. ఇది విషయము బోధపడుటకు వేసిన లెక్క మాత్రమే. ఒక్కొక్కరి రక్తములో కొలత ఒక్కొక్క విధముగా నుండును. అయినను నీతి యొకటే: మొదట గాదె నిండవలెను. నిండిన గాదె మెల్లగా తరుగును.

తల్లి నుండి బిడ్డకు

‘జి’ తరగతి ప్రతిరక్షకములకు ఇంకొక గుణము కలదు. అవి మాయ గుండా తల్లి రక్తమునుండి గర్భములోని శిశువునకు చేరును. అప్పుడే పుట్టిన బిడ్డకు స్వయముగా ప్రతిరక్షకములను తయారు చేసికొను శక్తి చాలదు. పూర్వము కొడవలితోనో, శుభ్రముకాని బ్లేడుతోనో బొడ్డు కోసి, దానిపై బూడిద, పేడ పూయు అలవాటు పెక్కు గ్రామములలో ఉండెడిది. బిడ్డ పుట్టిన వారములోపల పాలు త్రాగుట మాని, బిగుసుకొని మరణించుచుండెను. గ్రహదోషమని పెద్దలు అనుకొనుచుండిరి, అది ధనుర్వాతము.

గర్భవతికి టీకా వేయుట, శుభ్రమైన పురుడు — ఈ రెంటివలన ఈ విపత్తు తొలగినది. మన దేశములో ఈ మాతాశిశు ధనుర్వాతము తొలగిన మొదటి రాష్ట్రముగా ఆంధ్ర ప్రదేశ్ 2003లో నిర్ధారింపబడినది. 2015 నాటికి దేశమంతట ఈ నిర్ధారణ జరిగినది. ఇది గ్రామములలో తిరిగిన నర్సులు, సూదికి చేయి చాచిన తల్లులు సాధించిన ఘనకార్యము. కాని క్రిమి నేలలోనే యున్నది. దానిని నిర్మూలింప వీలులేదు. ప్రతి తరము తల్లులు టీకా వేయించుకొనుచుండవలెను. ప్రతిరక్షకములు పుట్టి బిడ్డకు చేరుటకు వ్యవధి కావలెను గనుక, కడపటి సూది కాన్పునకు కనీసము రెండు వారములు ముందుగా పడవలెను. గర్భమని తెలియగానే మొదటి సూది, నాలుగు వారములకు రెండవ సూది వేయించుకొనుట మేలు.

ఇంటిలో ఎవరికి రక్షణ తక్కువ?

పిల్లలకు 6, 10, 14 వారములలో ఐదు వ్యాధుల టీకాలో భాగముగ ధనుర్వాతపు టాక్సాయిడ్ పడుచున్నది. 16–24 మాసములలోను, 5–6 ఏండ్లకును డి.పి.టి. బూస్టర్లు, 10, 16 ఏండ్లకు టి.డి. సూదులు వేయుదురు. తల్లులకు గర్భ సమయములో పడును. మిగిలినవాడు ఎవడు? ఇంటి పెద్ద, నాగలి పట్టువాడు, కంప నరుకువాడు, ఎరువు తోలువాడు.

మన దేశములో విస్తృత టీకా కార్యక్రమము 1978లో ప్రారంభమైనది. సార్వత్రిక కార్యక్రమము 1985లో వచ్చినది. అంతకు ముందు పుట్టిన పురుషులలో చిన్ననాటి టీకాలు పడనివారు పెక్కుమంది యుందురు. స్త్రీలకు వలె వారికి గర్భ సమయపు టీకా యుండదు. గాయమైన నాడు ఎప్పుడో ఒక సూది పడియుండవచ్చును. గాయముల అపాయము ఎవరికి ఎక్కువో, గాదె ఖాళీగా నున్నది వారిదే. ఈ వ్యాసము ముఖ్యముగా వారికొరకే.

గాయమైన నాడు

“గాయమైతే సూది వేయించుకొంటిని గదా” అనునది గ్రామములలో తరచు వినబడు మాట. ఆ మాట కొందరి విషయములో సరి, కొందరి విషయములో చాలదు. పైన చెప్పిన దినముల లెక్కను ఇప్పుడు చూడుడు.

ఇదివరకే మూడు లేక అంతకు మించిన సూదులు పడినవానికి జ్ఞాపక కణములు ఉన్నవి. గాయమైన నాడు వేసిన సూదికి అవి వారము లోపల పంట నిచ్చును. విషము సాధారణముగా 8వ దినము ప్రాంతమున తల యెత్తును. కావున ఇతడు పందెములో గెలుచును. ఎన్నడును టీకా పడనివానికి ఈ సూదియే మొదటిది. ప్రతిరక్షకములు పుట్టుటకు రెండు మొదలు నాలుగు వారములు పట్టును, అవియును చాలవు. ఇతడు పందెములో వెనుకబడును.

కావున టీకా పడనివారికి, లేక పడినదో లేదో తెలియనివారికి, మట్టి పేడ అంటిన లోతైన గాయమైనచో, టీకాతోబాటు తయారైన ప్రతిరక్షకములను వేరొకచోట సూదిగా ఇత్తురు. దీనికి టెటనస్ ఇమ్యునోగ్లోబ్యులిన్ అని పేరు. ఇది అరువు తెచ్చిన ధాన్యము వంటిది. ఆ దినమునకు ఆకలి తీరును, మూడు వారములకు సగము తరుగును, విత్తనమునకు పనికిరాదు. అందుచేత అరువుతో ఆగక, స్వంత సేద్యమును ఆరంభింపవలెను. అనగా మిగిలిన టీకాలను క్రమముగా పూర్తి చేసికొనవలెను.

మూడు సూదులు పూర్తియైనవారు మురికి గాయమైనచో, కడపటి సూది పడి 5 సంవత్సరములు దాటినప్పుడు మాత్రమే మరల వేయించుకొనవలెను. శుభ్రమైన చిన్న గాయమునకు 10 సంవత్సరములు దాటినప్పుడు. ప్రతి గీతకు సూది వేయించుకొనుట అనవసరము. రక్తములో ప్రతిరక్షకములు మెండుగా నుండగా మరల మరల వేసినచో చేయి విశేషముగా వాచి బాధించును.

ఏ గాయమునైనను వెంటనే ధారగా పడు నీటితోను, సబ్బుతోను బాగుగా కడుగవలెను. పేడ, పసరు, సున్నము, కాఫీపొడి అద్దరాదు. లోన ముల్లు విరిగియున్నచో ఆసుపత్రిలో తీయించి, చచ్చిన కండను శుభ్రము చేయించవలెను. క్రిమికి మడి లేకుండ చేయుట యన నిదియే.

అన్ని క్రిములు ఒక తీరువి కావు

ధనుర్వాతము, కంఠసర్పి ఈ రెంటిలో విషమును విరిచినచో చాలును. టైఫాయిడ్, న్యుమోనియా కలిగించు క్రిముల తీరు వేరు. వాని పైన చక్కెర జాతి పదార్థముతో చేసిన జారుడు పూత యుండును. ఆ పూత వలన మన తెల్లకణములు వానిని పట్టి మ్రింగలేవు. ఆ పూతకు అతుకు ప్రతిరక్షకములు ఉన్నచో, అవి పిడివలె పనిచేసి తెల్లకణములకు పట్టు నిచ్చును.

కాని చక్కెర పూతను మాత్రమే టీకాగా ఇచ్చినచో టి కణములు సహాయమునకు రావు. ఏరివేత జరుగదు, జ్ఞాపక కణములు నిలువవు. రెండేండ్ల లోపు పిల్లలలో ఇంచుమించు ఫలితమే యుండదు. దీనికి శాస్త్రజ్ఞులు చేసిన ఉపాయము మన రైతులకు సులభముగా తెలియును. కాడి ఎరుగని కోడెను అనుభవముగల ఎద్దుతో జతకట్టి దున్నింతుము గదా! అట్లే చక్కెర పూతను ఒక మాంసకృత్తుతో జతకట్టుదురు. టి కణములు మాంసకృత్తును గుర్తుపట్టి వచ్చి, జతగా నున్న చక్కెరకును పని నేర్పును.

హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ తయారు చేసిన టైఫాయిడ్ జత టీకాలో ఆ అనుభవముగల ఎద్దు మరేదియో కాదు, మన ధనుర్వాతపు టాక్సాయిడే. ఈ టీకాకు 2013లో మన దేశములో అనుమతి, 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదము లభించినవి. నేపాలు దేశములో 20,000 మంది పిల్లలలో దీనిని పరీక్షింపగా టైఫాయిడ్ నూటికి సుమారు 80 వంతులు తగ్గినది. మిగిలిన 20 వంతులను ఆపునది మరగించిన నీరు, మరుగుదొడ్డి, చేతుల శుభ్రత.

సందేహములు – సమాధానములు

ప్రశ్న : తుప్పు పట్టిన ఇనుము గ్రుచ్చుకొన్నచోనే ధనుర్వాతము వచ్చునా?
జవాబు : తుప్పునకు దోషము లేదు. ఇనుముపై నున్న మట్టిలోని బీజములే కారణము. ముల్లు, కట్టెపుల్ల, పశువు కొమ్ము గ్రుచ్చుకొన్నను రావచ్చును.

ప్రశ్న : ఇంటిలో ఒకరికి వచ్చినచో మిగిలినవారికి అంటునా?
జవాబు : అంటదు. ఇది మనిషినుండి మనిషికి ప్రాకదు. అందువలననే ఊరిలో తక్కినవారందరు టీకా వేయించుకొన్నను, వేయించుకొననివానికి లాభము లేదు. ఎవరి రక్షణ వారిదే.

ప్రశ్న : టి.టి. అనుచుండెడివారు, ఇప్పుడు టి.డి. అనుచున్నారు. ఏమి భేదము?
జవాబు : టి.డి.లో ధనుర్వాతపు టాక్సాయిడ్‌తోబాటు కంఠసర్పి టాక్సాయిడ్ కొద్ది మోతాదులో కలిసియుండును. కంఠసర్పి ప్రతిరక్షకములును వయస్సుతో తరుగును. 2003–2006 నడుమ హైదరాబాదులో కంఠసర్పి కనబడుచుండుటను వైద్యులు గమనించి ప్రకటించిరి. ఒకే సూదితో రెంటికి రక్షణ కలుగును.

ప్రశ్న : టీకా మందును ఎట్లు నిలువ చేయవలెను?
జవాబు : 2 మొదలు 8 డిగ్రీల సెంటిగ్రేడు చల్లదనములో. ధనుర్వాతపు టీకా గడ్డకట్టినచో చెడిపోవును. కరగిన తరువాత వాడరాదు. కావున మంచుగడ్డలకు తగులునట్లు ఉంచరాదు.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. పూర్వము టీకా పడనివారు గాయము కొరకు కాచుకొనక, పనులు తక్కువగా నున్న దినములలో వైద్యుని అడిగి మొదటి సూది వేయించుకొనవలెను.
2. 4 వారములకు రెండవది, ఆ తరువాత 6 మాసములకు మూడవది తప్పరాదు. రెంటితో ఆపుట పైరును కంకిదశలో విడిచిపెట్టుటయే.
3. వేయించుకొన్న తేదీలను చీటిపై వ్రాసి, భూమి పాసుపుస్తకముతోబాటు భద్రపరుపవలెను. గాయమైన నాడు వైద్యుడు మొదట అడుగునది ఆ తేదీలే.
4. ధనుర్వాతము వచ్చి తగ్గినవారును టీకాలు పూర్తిగా వేయించుకొనవలెను.
5. గర్భవతులు, బడి పిల్లలు తమ సూదులను ఎ.యన్.యం. చెప్పిన కాలమునకు వేయించుకొనవలెను.
6. దౌడలు బిగియుట, మ్రింగుటకు కష్టమగుట కనబడినచో ఒక్క పూటయైనను ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్పవలెను.

తొలకరికి ముందు మందలకు టీకాలు వేయించు దినమున, మంద యజమాని తన చీటి కూడ ఒకసారి తీసి చూచుకొనుట మంచిది. గొర్రెల లెక్క సరిపోయిన తరువాత మనుష్యుల లెక్క కూడ సరిచూచుకొన్న ఇంటిలో, సేద్యపు పనులు నిశ్చింతగా సాగును.